పట్టు, రాపిడి: ముడిపడిన వస్తువుల లెక్కలలో ఘర్షణ

ఈ పత్రికలో సాధారణంగా భాష, సాహిత్యం, చరిత్ర వంటి విషయాలే చోటు చేసుకుంటూ ఉంటాయి. అటువంటి చోట భౌతికశాస్త్రపు లెక్కకు ఏం పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉన్నదనే మా అభిప్రాయం. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, సిరొంచలోనో, యానాంలోనో ఉండే తెలుగు విద్యార్థి ఇంట్లో ఒక భాష మాట్లాడతాడు, బడిలో తరచు మరొక భాషలో చదువుతాడు, పైచదువుకు వచ్చేసరికి ఇంగ్లీషులోకి మారతాడు. ఈ మార్పులలో ఇంటి తెలుగు పెళ్ళిళ్ళకూ పండుగలకూ పనికివస్తుంది గాని చదువుకు పనికిరాదన్న నమ్మకం అతనిలో మెల్లగా పాతుకుపోతుంది. ఆ నమ్మకం వల్ల భాష ఒక్కటే నష్టపోతుందని మనం అనుకుంటాం. కాని లెక్క కూడా నష్టపోతుంది. దానికి ఒక మంచి ఉదాహరణ, తాడుతో ముడిపడిన వస్తువులకు ఘర్షణ తోడైన లెక్కలు.

మేము వృత్తిరీత్యా భాషాశాస్త్రం వాళ్ళం. అయితే ఇటువంటి లెక్కలు పట్టుకొని మా దగ్గరికి వచ్చే విద్యార్థులను "ముందు దీన్ని మీ ఇంట్లో అమ్మమ్మకు చెప్పినట్లు చెప్పండి" అని అడుగుతూ ఉంటాము. అలా చెప్పగలిగినవారికి లెక్కలో సగం అక్కడే తేలిపోతుంది. చెప్పలేనివారు సూత్రంలో అంకెలు వేసి, వచ్చిన జవాబును నమ్ముతారు. ఈ రెండు పద్ధతులకూ ఉన్న తేడాను నాలుగు లెక్కల ద్వారా చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులోనే ఉన్న చిక్కు

"ఘర్షణ" అనే మాట సంస్కృతంలో రాయడం, రుద్దడం అనే అర్థంగల ఘృష్ ధాతువు నుండి వచ్చింది. కన్నడంలో ఘర్షణె అన్నా, ఒడియా మరాఠీలలో ఘర్షణ అన్నా అదే మాట. తమిళంలోని ఉరాయ్వు కూడా ఒరుసుకోవడాన్నే చెబుతుంది. ఇంగ్లీషులో వాడే ఫ్రిక్షన్ అనే మాటకు మూలమైన లాటిన్ ధాతువు అర్థమూ రుద్దడమే. ఇన్ని భాషలూ కలిసి ఈ బలానికి రుద్దుడును బట్టే పేరు పెట్టాయి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఘర్షణ లెక్కలలో సగం చోట్ల రుద్దుడే ఉండదు.

ఇంట్లో బరువైన బీరువాను నెట్టడం ఊహించుకోండి. కొంచెం నెడితే కదలదు. ఇంకొంచెం గట్టిగా నెట్టినా కదలదు. ఒక స్థాయి దాటాక ఒక్కసారిగా కదులుతుంది. కదిలిన తరువాత అంత బలం అక్కరలేదని చేతికి తెలుస్తుంది. కదలకముందు నేలకూ బీరువాకూ మధ్య రాపిడి ఏమీ జరగలేదు. నేల బీరువాను పట్టి ఉంచింది, అంతే. మనం 50 న్యూటన్లు నెడితే నేల 50 న్యూటన్లతో ఆపింది; 120 నెడితే 120తో ఆపింది. అసలు నెట్టకపోతే నేల కూడా ఏమీ చేయలేదు. అంటే ఈ బలానికి సొంత విలువ లేదు. ఎంత అవసరమో అంతే, అదీ ఒక హద్దు వరకు.

ఈ రెండు స్థితులకూ ఇంటి తెలుగులో రెండు వేరు మాటలున్నాయి. టైరు అరిగిపోతే "పట్టు లేదు" అంటాం. తడి గచ్చు మీద కాలు జారితే "నేల పట్టు ఇవ్వలేదు" అంటాం. తమిళ "పట్రు", కన్నడ "పట్టు" ఈ మాటకు దాయాదులే. రెండు తలాలు ఒకదానిపై ఒకటి జారుతూ ఒరుసుకొంటే దాన్ని "రాపిడి" అంటాం. పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని స్థైతిక ఘర్షణ అనీ, రెండవదాన్ని జారుడు ఘర్షణ అనీ అంటాయి. ఆ మాటలు పరీక్షలో రాయడానికి కావాలి. ఆలోచించడానికి మాత్రం పట్టు, రాపిడి అనే మాటలు మరింత సాయం చేస్తాయి. ఎందుకంటే ఏ లెక్కలోనైనా మొట్టమొదట వేయవలసిన ప్రశ్న అవే గుర్తుచేస్తాయి: ఇక్కడ ఉన్నది పట్టా, రాపిడా?

ఈ రెంటికీ కొలతలు ఇవి. పట్టుకు హద్దు = పట్టు గుణకం × అభిలంబ బలం. రాపిడి = రాపిడి గుణకం × అభిలంబ బలం. అభిలంబ బలమంటే ఆనుకొని ఉన్న తలం వస్తువును తనకు లంబంగా నెట్టే బలం. మొదటి సూత్రం ఇచ్చేది పట్టు విలువ కాదనీ, దాని హద్దు మాత్రమేననీ విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకోవాలి. పుస్తకాలలో దీన్నే సీమాంత ఘర్షణ అంటారు.

ఈ సూత్రాలు ప్రయోగాల నుండి వచ్చినవి. 15వ శతాబ్ది చివర లియొనార్డో డా విన్చీ తన రాతపుస్తకాలలో వీటిని పోలిన పరిశీలనలు రాసుకున్నాడు. 1699లో ఫ్రాన్సులో గియోమ్ అమాంటన్స్ ఘర్షణ బరువుతో పాటే పెరుగుతుందనీ, ఆనుకున్న వైశాల్యంపై ఆధారపడదనీ తెలిపాడు. 1785లో ప్రచురితమైన కూలుంబ్ పరిశోధన ఆగి ఉన్న స్థితికీ జారే స్థితికీ తేడాను విస్తారంగా కొలిచి చూపింది. వైశాల్యంతో పని లేదనడం మొదట వింతగా తోస్తుంది. నునుపుగా కనబడే తలాలు కూడా నిజానికి అక్కడక్కడ ఉన్న సూక్ష్మమైన మిట్టల దగ్గరే తాకుతాయి. గట్టిగా నొక్కితే ఆ అసలు తాకిడి వైశాల్యం నొక్కుడుకు తగినట్లు పెరుగుతుంది. బౌడెన్, టేబర్ అనే శాస్త్రజ్ఞులు 1950లో వెలువరించిన గ్రంథంలో ఈ వివరణ ప్రసిద్ధికెక్కింది. కాగా ఇవి ఉజ్జాయింపు సూత్రాలే. రబ్బరు వంటి మెత్తని పదార్థాలు వీటికి పూర్తిగా లోబడవు.

ముందు వాక్యాలు, తరువాత సమీకరణాలు

ప్రశ్నపత్రాలలో "దిమ్మపై బలం ప్రయోగించబడినది" వంటి వాక్యాలు తరచు కనబడతాయి. ఇది కర్మణి ప్రయోగం. మాట్లాడే తెలుగులో ఇటువంటి వాక్యాలు అరుదు. వీటిలో కర్త మాయమవుతాడు. బలాల లెక్కలో కర్త మాయమైతే లెక్క దారితప్పుతుంది. ఎందుకంటే ప్రతి బలమూ ఒక వస్తువు ఇంకొక వస్తువుపై చూపేది. కాబట్టి ప్రతి బలాన్నీ కర్త, కర్మ, క్రియ ఉన్న మామూలు వాక్యంగా చెప్పుకోవాలి. ఎవరు, ఎవరిని, ఎటు?

ఉదాహరణకు బల్ల మీద ఒక చెక్కదిమ్మ ఉంది. దానికి కట్టిన తాడు బల్ల అంచున ఉన్న కప్పీ మీదుగా, అంటే నూతి గిలక వంటి చక్రం మీదుగా కిందికి దిగింది. దాని చివర ఒక రాయి వేలాడుతోంది. దిమ్మ గురించి వాక్యాలు నాలుగు:

భూమి దిమ్మను కిందికి లాగుతోంది.
బల్ల దిమ్మను పైకి మోస్తోంది.
తాడు దిమ్మను కప్పీ వైపుకు లాగుతోంది.
బల్ల దిమ్మను వెనక్కు పట్టి ఉంచుతోంది, లేదా వెనక్కు రాస్తోంది.

రాయి గురించి రెండే వాక్యాలు:

భూమి రాయిని కిందికి లాగుతోంది.
తాడు రాయిని పైకి లాగుతోంది.

ఇందులో "రాయి దిమ్మను లాగుతోంది" అన్న వాక్యం లేదు. రాయి దిమ్మను తాకడం లేదు. దిమ్మను తాకేది తాడు. ఈ ఒక్క సంగతి మరచి రాయి బరువును నేరుగా దిమ్మకు తగిలించేవారు చాలామంది. అలాగే "చలన బలం దిమ్మను ముందుకు నెడుతోంది" అని రాసేవారూ ఉన్నారు. ఆ వాక్యంలో కర్త ఎవరు? తాడా, బల్లా, భూమా? ఎవరూ కానప్పుడు ఆ బలమే లేదు. కర్త దొరకని బలాన్ని పటంలోంచి కొట్టివేయాలి. పుస్తకాలు చెప్పే స్వేచ్ఛా వస్తు పటం ఈ వాక్యాలకు బొమ్మ వంటిది. వాక్యాలు సరిగా ఉంటే బొమ్మ దానంతటదే సరిగా వస్తుంది.

ఇక్కడి లెక్కలన్నిటిలో తాడు బరువు లేనిది, సాగనిది. కప్పీ బరువు లేనిది, నున్నగా తిరిగేది అనుకుందాం. తాడు సాగదు కాబట్టి దాని రెండు చివరల ఉన్న వస్తువుల త్వరణాల పరిమాణం ఒకటే. తాడుకూ కప్పీకీ బరువు లేదు, కప్పీకి రాపిడి లేదు కాబట్టి తాడు పొడుగునా తన్యత, అనగా బిగువు, ఒకటే. గురుత్వ త్వరణం 10 మీ./సె² అని తీసుకుందాం. తన్యతకు "త" అనీ, త్వరణానికి "త్వ" అనీ గుర్తులు పెట్టుకుందాం. బలాలన్నీ న్యూటన్లలో.

మొదటి లెక్క: బల్ల మీద దిమ్మ, వేలాడే రాయి

దిమ్మ 4 కి.గ్రా. పట్టు గుణకం 0.5, రాపిడి గుణకం 0.4. దిమ్మ బరువు 40, బల్ల మోసేదీ 40. కనుక పట్టు హద్దు 20, రాపిడి 16.

రాయి 1 కి.గ్రా. అయితే ఏమవుతుంది? సూత్రం కనబడగానే అంకెలు వేసే విద్యార్థి "10 − 16 = 5 × త్వ" అని రాస్తాడు. త్వరణం −1.2 వస్తుంది. రుణ గుర్తుకు అర్థమేమిటి? రాయి తనంతట తాను పైకి ఎగబాకుతూ, దిమ్మ వెనక్కు నడుస్తుందన్నమాట! ఇంట్లో ఎవరికి చెప్పినా నవ్వుతారు. అయినా ఇటువంటి జవాబుకు కింద రెండు గీతలు గీసి ఇచ్చిన ఉత్తరపత్రాలు అరుదు కాదు.

సరైన దారి ఇది. ముందు కదలలేదనుకుందాం. రాయి కదలకుండా ఉండాలంటే తాడు దాన్ని 10తో పైకి లాగాలి. అదే తాడు దిమ్మను 10తో లాగుతుంది. దిమ్మ కదలకుండా ఉండాలంటే బల్ల దాన్ని 10తో పట్టి ఉంచాలి. బల్ల ఎంతవరకు పట్టగలదు? 20 వరకు. అడిగింది 10. కనుక పట్టు చాలు. దిమ్మ కదలదు. ఘర్షణ బలం 10. అది 20 కాదు, 16 కూడా కాదు. తన్యత 10.

రాయి 2 కి.గ్రా. అయితే అవసరమైన పట్టు 20, హద్దూ 20. దిమ్మ కదలబోయే అంచున నిలుస్తుంది. అప్పుడు దిమ్మను కప్పీ వైపు చిన్నగా తట్టామనుకోండి. కదలిక మొదలవగానే పట్టు పోయి రాపిడి వస్తుంది. రాపిడి 16 మాత్రమే. 20 − 16 = 6 × త్వ కాబట్టి త్వరణం సుమారు 0.67 మీ./సె². అదే రాయి, అదే దిమ్మ, అదే బల్ల. కాని జవాబు వేరు. అందువల్లనే ప్రశ్నలో "నిశ్చలస్థితి నుండి విడిచారు" అన్నారా, "కదులుతోంది" అన్నారా అని చూడాలి.

ఇక రాయి 4 కి.గ్రా. అనుకుందాం. కదలకుండా ఉండాలంటే 40 పట్టు కావాలి. హద్దు 20. చాలదు. కనుక కదులుతుంది, ఇప్పుడు ఉన్నది రాపిడి, 16.

రాయికి: 40 − త = 4 × త్వ
దిమ్మకు: త − 16 = 4 × త్వ

రెండూ కలిపితే 24 = 8 × త్వ. త్వరణం 3 మీ./సె², తన్యత 28. మొదటి సమీకరణంలో వేసి చూడండి: 40 − 28 = 12 = 4 × 3. సరిపోయింది. తన్యత రాయి బరువు కంటె తక్కువ ఉండడం గమనించదగినది. దిమ్మను చేత్తో ఆపి ఉంచినప్పుడు తన్యత 40. విడిచిన మరుక్షణం 28. రాయి కిందికి వేగం పుంజుకోవాలంటే భూమి లాగుడులో కొంత మిగలాలి గదా!

రెండవ లెక్క: మనం, మేము

ఒకే వరుసలో రెండు దిమ్మలు, ఒక్కొక్కటి 4 కి.గ్రా.; గుణకాలు పై విధంగానే 0.5, 0.4. రెంటినీ తాడుతో కట్టి, ముందు దిమ్మను చేత్తో అడ్డంగా లాగుతున్నాం. ఒక్కొక్క దిమ్మకు పట్టు హద్దు 20, రాపిడి 16.

48 న్యూటన్లతో లాగితే? మొత్తం పట్టు హద్దు 40. 48 దాన్ని దాటింది కనుక రెండూ కదులుతాయి. మొత్తం రాపిడి 32. 48 − 32 = 8 × త్వ; త్వరణం 2 మీ./సె². ఇక్కడ తన్యత మాటే రాలేదు. ఎందుకు?

దీన్ని తెలుగు వ్యాకరణం చక్కగా వివరిస్తుంది. తెలుగులో ఉత్తమపురుష బహువచనం రెండు విధాలు. వినేవారిని కలుపుకుంటే "మనం", కలుపుకోకపోతే "మేము". తమిళంలో నామ్, నాంగళ్ అనీ, మరాఠీలో ఆపణ్, ఆమ్హీ అనీ ఇదే తేడా ఉంది. నేటి కన్నడంలో రెంటికీ నావు ఒక్కటే. రెండు దిమ్మలనూ, మధ్య తాడునూ "మనం" అని ఒకటిగా తీసుకుంటే తాడు లాగుడు ఇంటిలోని సంగతి. అది ముందు దిమ్మను వెనక్కూ, వెనుక దిమ్మను ముందుకూ సమానంగా లాగుతుంది, మొత్తంలో చెల్లిపోతుంది. బయటివారు, అంటే చేయి, బల్ల, భూమి చేసేవే లెక్కకు వస్తాయి.

తన్యత కావాలంటే మాత్రం "మనం" విడిపోవాలి. వెనుక దిమ్మ ఒక్కదానినే తీసుకుంటే తాడు దానికి బయటిది అవుతుంది. త − 16 = 4 × 2; త = 24. ముందు దిమ్మతో సరిచూద్దాం: 48 − 24 − 16 = 8 = 4 × 2. ఎవరిని "మనం"లో కలుపుకున్నామో ముందే చెప్పుకొని, లెక్క ముగిసేదాకా ఆ మాట మీద నిలబడాలి. సగం సమీకరణం ఒక దిమ్మకూ, సగం రెంటికీ రాయడం వల్ల వచ్చే తప్పులు ఎన్నో ఉన్నాయి.

మరి 30 న్యూటన్లతో లాగితే? మొత్తం హద్దు 40 కనుక కదలవు. రెండు దిమ్మలపై పట్టు మొత్తం 30. తాడు మొదట బిగువు లేకుండా తిన్నగా ఉండి, లాగుడును మెల్లగా పెంచుకుంటూ పోయామనుకుంటే, ముందు దిమ్మ తన హద్దు 20 చేరేదాకా భారమంతా దానిదే. మిగిలిన 10 తాడు ద్వారా వెనుక దిమ్మకు చేరుతుంది. అప్పుడు తన్యత 10. 12తోనే లాగితే ముందు దిమ్మ పట్టే 12. తాడులో తన్యత సున్న. తాడును ముందే బిగించి కట్టి ఉంటే ఈ పంపకం మారుతుంది. మొత్తం మాత్రం మారదు. తాడు కట్టి ఉంది కాబట్టి తన్యత తప్పక ఉండాలని అనుకోరాదు.

మూడవ లెక్క: వాలు మీద దిక్కు మారే పట్టు

ఒక వాలుబల్ల. దాని పొడవు 5 మీ., ఎత్తు 3 మీ., అడుగు 4 మీ. దానిపై 5 కి.గ్రా. దిమ్మ. పైకొసన కప్పీ, దాని మీదుగా తాడు, తాడుకు వేలాడే రాయి. గుణకాలు 0.5, 0.4.

దిమ్మ బరువు 50. అందులో వాలు వెంట కిందికి లాగే భాగం ఐదింట మూడు వంతులు, 30. వాలును నొక్కే భాగం ఐదింట నాలుగు వంతులు, 40. కనుక పట్టు హద్దు 20, రాపిడి 16. అభిలంబ బలం ఇక్కడ బరువుకు సమానం కాదు. వాలు లెక్కలో కూడా 50 వేసేవారు ఈ అంకెను మరొకసారి చూడాలి.

"ఘర్షణ ఎటు?" అని అడిగితే చాలామంది తడుముకోకుండా "వాలు వెంట పైకి" అంటారు. రాయి ఎంతో తెలియకుండా చెప్పడం ఎలా? ఒక్కొక్కటే చూద్దాం.

రాయి 2 కి.గ్రా. తాడు పైకి 20, భూమి వాలు వెంట కిందికి 30. లోటు 10. దాన్ని వాలు భర్తీ చేయాలి. పట్టు 10, పైకి.

రాయి 3 కి.గ్రా. పైకి 30, కిందికి 30. లోటు లేదు. గరుకు తలమే అయినా, పట్టు గుణకం 0.5 అయినా, ఘర్షణ సున్న.

రాయి 4 కి.గ్రా. పైకి 40, కిందికి 30. దిమ్మ పైకి పోజూస్తోంది. పట్టు 10, ఈసారి కిందికి.

ఈ విధంగా రాయి 1 కి.గ్రా. మొదలు 5 కి.గ్రా. వరకు ఎంత ఉన్నా దిమ్మ కదలదు. హద్దు 20 కాబట్టి 30కి అటు 20, ఇటు 20. అంటే తాడు లాగుడు 10 నుండి 50 వరకు. రాయిని మార్చినకొద్దీ పట్టు 20 పైకి నుండి తగ్గుతూ వచ్చి, సున్నను దాటి, 20 కిందికి చేరుతుంది. గుణకం మాత్రం ఎక్కడా మారలేదు. గుణకాన్ని చూసి ఘర్షణ విలువ చెప్పడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క లెక్క చాలు చూపడానికి.

రాయి 7 కి.గ్రా. అయితే 70, 50ని దాటింది. దిమ్మ పైకి కదులుతుంది. రాపిడి 16, జారుడుకు ఎదురుగా కిందికి.

70 − త = 7 × త్వ
త − 30 − 16 = 5 × త్వ

కలిపితే 24 = 12 × త్వ. త్వరణం 2 మీ./సె², తన్యత 56. రెండవ సమీకరణంలో 56 − 46 = 10 = 5 × 2. సరిపోయింది.

నాల్గవ లెక్క: ముందుకు తీసుకుపోయే ఘర్షణ

"ఘర్షణ చలనాన్ని ఎదిరిస్తుంది" అని చిన్న తరగతుల నుండీ వల్లె వేస్తూ వస్తాం. ఇప్పుడు బండి మీద బస్తా ఉందనుకోండి. బండి ముందుకు కదిలింది. బస్తా కూడా ముందుకు కదిలింది. బస్తాను ముందుకు తెచ్చింది ఎవరు? ఎద్దు బస్తాను తాకలేదు. వాక్యం చెప్పి చూడండి: "బండి బస్తాను ముందుకు తీసుకుపోతోంది". అలా తీసుకుపోయే బలం బండి పలకకూ బస్తాకూ మధ్య ఉన్న పట్టే. అంటే వల్లె వేసిన వాక్యాన్ని సవరించుకోవాలి. ఘర్షణ ఎదిరించేది ఒక తలం మరొక తలంపై జారడాన్ని. చలనాన్ని ఎదిరించాలన్న నియమం దానికి లేదు.

నున్నని నేలపై 6 కి.గ్రా. దిమ్మ, దాని మీద 2 కి.గ్రా. దిమ్మ. రెంటి మధ్య పట్టు గుణకం 0.3, రాపిడి గుణకం 0.25. కింది దిమ్మను అడ్డంగా లాగుతున్నాం. పై దిమ్మ బరువు 20 కనుక పట్టు హద్దు 6, రాపిడి 5.

16 న్యూటన్లతో లాగితే? ముందు జారలేదనుకుందాం. రెండూ ఒకటిగా 8 కి.గ్రా.; త్వరణం 2. పై దిమ్మకు ఈ త్వరణం రావాలంటే 2 × 2 = 4 కావాలి. పట్టు 6 వరకు ఇవ్వగలదు. చాలు. ఘర్షణ 4, ముందుకు.

ఎంతవరకు కలిసి పోతాయి? పట్టు 6 మాత్రమే కాబట్టి పై దిమ్మకు దక్కే గరిష్ఠ త్వరణం 3. రెంటినీ ఆ త్వరణంతో నడపాలంటే 8 × 3 = 24. అంతకు మించితే పైది జారుతుంది.

35తో లాగితే? పై దిమ్మకు రాపిడి 5 ముందుకు. దాని త్వరణం 2.5. కింది దిమ్మకు అదే 5 వెనక్కు: 35 − 5 = 6 × త్వ; త్వరణం 5. ఇక్కడ ఇద్దరికీ త్వరణం వేరు. పై దిమ్మ కూడా ముందుకే పోతోంది. కాని కింది దిమ్మ అంత వేగంగా పోలేక, దానితో పోల్చితే వెనుకబడుతోంది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడినవారు వెనక్కు తూలడం ఇటువంటిదే.

సారాంశం

పై నాలుగు లెక్కలలోనూ నడిచిన దారి ఒకటే. మొదట ఒక్కొక్క వస్తువుకు కర్త, కర్మ, క్రియలతో వాక్యాలు చెప్పుకోవాలి. తరువాత జారలేదని అనుకొని, అలా ఉండడానికి ఎంత పట్టు కావాలో, ఎటు కావాలో కనుక్కోవాలి. దాన్ని హద్దుతో పోల్చాలి. హద్దులోపల ఉంటే ఆ అవసరమైన విలువే ఘర్షణ. హద్దు దాటితే పట్టును విడిచి, రాపిడిని జారుడుకు ఎదురుగా వేసి, సమీకరణాలు రాయాలి. చివరగా వచ్చిన జవాబును మళ్ళీ ఇంటి మాటలో చెప్పి చూడాలి. రాయి తనంతట తాను పైకి ఎక్కుతోందని వస్తే తప్పు ఎక్కడో ఉంది.

అభ్యాసానికి నాలుగు ప్రశ్నలు ఇస్తున్నాము.

1. బల్ల మీద 5 కి.గ్రా. దిమ్మ, పట్టు గుణకం 0.6, రాపిడి గుణకం 0.4. వేలాడే రాయి 2 కి.గ్రా. ఘర్షణ ఎంత?
2. పై లెక్కలోనే రాయి 5 కి.గ్రా. అయితే త్వరణం, తన్యత ఎంత?
3. మూడవ లెక్కలోని వాలు మీద రాయి 0.5 కి.గ్రా. అయితే దిమ్మ ఎటు, ఎంత త్వరణంతో కదులుతుంది?
4. నాల్గవ లెక్కలో కింది దిమ్మకు బదులు పై దిమ్మను లాగితే, రెండూ కలిసి పోవడానికి గరిష్ఠ బలం ఎంత?

జవాబులు: మొదటిదానికి 20 న్యూటన్లు, దిమ్మ కదలదు. రెండవదానికి 3 మీ./సె², 35 న్యూటన్లు. మూడవదానికి వాలు వెంట కిందికి, సుమారు 1.64 మీ./సె². నాల్గవదానికి 8 న్యూటన్లు. ఈ చివరి జవాబు 24 ఎందుకు కాలేదో ఆలోచించండి. కింది దిమ్మను ఈసారి ముందుకు తెచ్చేది ఎవరు అని ఒక్క వాక్యం చెప్పుకుంటే తెలిసిపోతుంది.

పరీక్ష ఏ భాషలో రాసినా జవాబు పరీక్షకుడికి అర్థమయ్యే పరిభాషలోనే ఉండాలి. అందులో రాజీ లేదు. ఆ పరిభాషకు చేరే దారిలో మాత్రం మీ ఇంటి మాటను తోడు తీసుకువెళ్ళండి. పట్టు, రాపిడి అన్న మాటలకు మీ ఊళ్ళో వేరే మాటలుంటే వాటినే వాడండి. నేల దేన్ని పట్టి ఉంచుతోందో, దేన్ని రాస్తోందో మీ మాటలో మీరు చెప్పగలిగితే, దాన్ని తమిళంలోగాని, కన్నడంలోగాని, ఒడియాలోగాని, మరాఠీలోగాని, ఇంగ్లీషులోగాని రాయడం కష్టం కాదు.